ఒక యూరియా బస్తా, డెబ్భై ఆరు బండ్ల ఎరువు

ఫామ్‌లో మొదటి వారం నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, కాపు అయిపోయిన బీన్స్ రెండు వరుసలు తీసెయ్యమంటే వేర్లతో సహా పీకి పారేశా. సెలవు పెట్టుకుని మరీ వెళ్ళా, మొగుడూ పెళ్ళాం పిల్లలు కలిసి నడుపుకునే చిన్న ఆర్గానిక్ ఫామ్, పని చేసినన్నాళ్ళు తిండీ పడకా వాళ్ళే చూసుకుంటారు. గంటన్నరలో పని కానిచ్చేసి, వేర్లకున్న మట్టి కూడా దులిపి, కట్టలు కట్టి గట్టున నీట్‌గా పేర్చి మెచ్చుకుంటారని నిలబడ్డా. ఆవిడ వచ్చి చూసింది, ఏమీ అనలేదు, ఒక మొక్క తీసుకుని వేరు నా మొహం ముందు పెట్టింది. వేరు పొడుగునా చిన్న చిన్న బుడిపెలు, కొన్ని ఆవగింజంత, కొన్ని మిరియంగింజంత. కాపు చివర కదా, చాలావరకు ఆకుపచ్చగా ముడుచుకుపోయాయి, ఇంకా గట్టిగా ఉన్న ఒకదాన్ని వెతికి గోటితో చీల్చింది. లోపల లేత ఎరుపు, అచ్చం చిగుళ్ళ రంగు.

"ఇవి నేలలోనే ఉండాలి బాబూ. తీసెయ్యమంటే మొదలు దగ్గర కోసెయ్యమని" అంది, అంతే, వెళ్ళిపోయింది.

ఆ ఎరుపు గురించి నేను బళ్ళో చదువుకున్నా, పరీక్షలో రాశా కూడా, కానీ చూడ్డం అదే మొదటిసారి. మన రక్తంలో హిమోగ్లోబిన్ ఉన్నట్టే ఆ బుడిపెల్లో లెగ్‌హిమోగ్లోబిన్ ఉంటుంది, చుట్టరికం ఉన్న ప్రొటీనే. లోపల రైజోబియం బ్యాక్టీరియా కాపురం ఉంటాయి, వాటి పని గాల్లో నైట్రోజన్‌ని పట్టి అమ్మోనియాగా మార్చడం. ఆ పని చేసే ఎంజైమ్‌కి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, కానీ బ్యాక్టీరియా బతకాలంటే ఆక్సిజన్ కావాలి, ఇదో పెద్ద తంటా. అందుకని ఈ ఎర్ర ప్రొటీన్ మధ్యలో కూర్చుని ఆక్సిజన్‌ని చిటికెడు చిటికెడు చొప్పున అందిస్తుంటుంది. అందుకే బుడిపె చీల్చి చూస్తే ఎర్రగా ఉంటే ఫ్యాక్టరీ నడుస్తున్నట్టు, ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే మూతపడ్డట్టు, లోపల తెల్లగా ఉంటే అసలు మొదలే కాలేదు అన్నట్టు. ల్యాబ్ అక్కర్లేదు, గోరు చాలు.

గాల్లో 78 శాతం నైట్రోజనే. అయినా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు, ఎందుకంటే రెండు నైట్రోజన్ పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి, విడదియ్యడం మామూలు విషయం కాదు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ 1909 లో ఆ పని చేసి చూపించాడు, కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు, 1913 లో జర్మనీలో ఎరువులకి కావల్సిన అమ్మోనియా ఉత్పత్తి మొదలైంది. నాలుగైదొందల డిగ్రీల వేడి, మామూలు గాలి ఒత్తిడికి నూటయాభై నుంచి రెండొందల యాభై రెట్లు ఒత్తిడి కావాలి. ఇవాళ భూమ్మీద దాదాపు సగం మంది తింటున్న తిండి ఆ ప్రక్రియ పుణ్యమే అని అంచనా, కాబట్టి దాన్ని తిట్టే మూడ్‌లో నేనైతే లేను. ఇటు బుడిపెలో బ్యాక్టీరియా అదే పని మట్టి చల్లదనంలో, మామూలు ఒత్తిడి మీద చేసేస్తుంది. ఉచితంగా మాత్రం కాదు, ఒక్కో నైట్రోజన్ అణువుకి కనీసం 16 ఏటీపీలు (కణాలు శక్తి కోసం ఖర్చుపెట్టే అణువులు) ఖర్చు, ఆ బిల్లు మొక్క చక్కెర రూపంలో కడుతుంది. పప్పుజాతి పంట వేస్తే నేల బాగుపడుతుందని రైతులకి ఎన్నో తరాల నుంచి తెలుసు, ఎందుకు బాగుపడుతుందో మాత్రం 1886 లో జర్మన్ శాస్త్రవేత్త హెల్‌రీగెల్ బయటపెట్టేదాకా తేలలేదు, రెండేళ్ళకి డచ్ శాస్త్రవేత్త బెయరింక్ ఆ బ్యాక్టీరియాని విడిగా పెంచి చూపించాడు.

ఇక్కడ ఒక అపోహ చాలామందికి ఉంది, నాకూ ఉండేది. బీన్స్ పక్కన ఏదైనా వేస్తే ఆ నైట్రోజన్ పక్క మొక్కకి పారుతుంది అని. బతికున్నంతసేపు అది ఎక్కువగా తన కోసమే దాచుకుంటుంది, పక్కవాళ్ళకి దక్కేది తక్కువ. వేర్లు, ఆకులు నేలలో కుళ్ళాకే తర్వాతి పంటకి అందుతుంది. పైగా గింజలు కోసుకున్నామంటే అందులో పెద్ద వాటా గింజలతోనే పొలం దాటిపోతుంది. మిగిలేదే కాస్త, ఆ కాస్తలో వేర్ల వాటాని నేను శుభ్రంగా పీకి కట్టలు కట్టా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ చిన్న ఫామ్‌లకి అంతమంది చేతులు ఎందుకు కావాలో నాకు ఆ రోజు లెక్కేస్తేగానీ అర్థం కాలేదు. యాభై కిలోల యూరియా బస్తా తీసుకోండి, అందులో 46 శాతం నైట్రోజన్, అంటే 23 కిలోలు. బాగా కుళ్ళిన పశువుల ఎరువులో నైట్రోజన్ అర శాతం అటూ ఇటూ. అదే 23 కిలోలు ఎరువు రూపంలో కావాలంటే 4,600 కిలోలు ఎత్తిపోయాలి. మేం వాడే ఒంటిచక్రం తోపుడు బండికి అరవై కిలోలు పడుతుందనుకుంటే డెబ్భై ఆరు ట్రిప్పులు కొట్టినా ఇంకాస్త మిగుల్తుంది. అదీ మొదటి ఏడాది అంతా మొక్కకి అందదు, సూక్ష్మజీవులు తీరిగ్గా విడదీసి ఇవ్వాలి, వాటి వేగం వాటిదే, మన తొందర వాటికి పట్టదు. ఎరువులోంచి వచ్చే సేంద్రియ పదార్థం, పొటాష్, మట్టికి పట్టే గుల్లదనం బస్తాలో దొరకవు, ఆ మాట నిజమే, కానీ నడుం నొప్పి కూడా బస్తాలో దొరకదు. ఒక ట్రక్కు వచ్చి దింపి వెళ్ళే దాన్ని ఇక్కడ మనుషులు మోస్తున్నారు, వాలంటీర్‌గా వెళ్ళినవాడు ఎంత రొమాంటిక్‌గా ఊహించుకుని వెళ్ళినా చివరికి చేసేది ఇదే.

ఇలా వెళ్ళడం ఒక పద్ధతిగా మొదలైంది 1971 లో ఇంగ్లండ్‌లో. స్యూ కోపార్డ్ అని లండన్‌లో సెక్రటరీగా పనిచేసే ఆవిడకి పల్లెకి పోయి కొన్నాళ్ళు పనిచేయాలని మనసు, దారి లేదు, సస్సెక్స్‌లో ఒక కాలేజీ పొలంతో మాట్లాడుకుని నలుగురు కలిసి ఒక వీకెండ్ వెళ్ళొచ్చారు. అదే వూఫ్ (WWOOF, ఆర్గానిక్ ఫామ్‌లనీ వాలంటీర్లనీ కలిపే సంస్థ) అయింది, ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉంది, రోజుకి నాలుగు నుంచి ఆరు గంటల పని, బదులుగా తిండీ వసతీ, డబ్బు చేతులు మారదు. ఒక మాట, కొన్ని దేశాల్లో టూరిస్ట్ వీసా మీద ఇలా చేసినా ఉద్యోగం కిందే లెక్కేస్తారు, వెళ్ళే ముందు చూసుకోండి.

సరే కంపోస్ట్ దగ్గరికి వద్దాం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. నేను వెళ్ళేసరికి అక్కడ ఒక కుప్ప చచ్చిపడి ఉంది. నాకన్నా ముందు వచ్చినవాళ్ళు ఎండుగడ్డి చక్కగా తెచ్చి తెచ్చి వేశారు, చూడ్డానికి అందంగా ఉంది, మూడు వారాలైనా వేడెక్కలేదు. ఫామ్ ఆవిడ వాళ్ళాయన థర్మామీటర్ వాడడు, ఒక ఇనప ఊచ కుప్ప మధ్యలో గుచ్చి వదిలేస్తాడు, పది నిమిషాలాగి లాగి పట్టుకుంటాడు. పట్టుకోలేనంత కాలితే కుప్ప బాగుంది, గోరువెచ్చగా ఉంటే నడుస్తోంది, చల్లగా ఉంటే ఏదో తక్కువైంది. నన్ను పట్టుకోమన్నాడు, చల్లగా తగిలింది.

ఏం తక్కువైందో చెప్పడానికి చిన్న లెక్క ఉంది, నాకు భలే నచ్చింది. బ్యాక్టీరియా ఒంట్లో నైట్రోజన్ ఒక వంతు ఉంటే కర్బనం సుమారు ఎనిమిది వంతులు. మరి ఎనిమిదికి ఒకటి చొప్పున మేత వేస్తే చాలా అంటే చాలదు, ఎందుకంటే అది తిన్న కర్బనంలో మూడింట రెండొంతులు ఊపిరి కోసం కాల్చేస్తుంది, అది కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసిపోతుంది, మిగిలిన మూడో వంతే ఒంటికి పడుతుంది. కాబట్టి ఒంటికి ఎనిమిది పట్టాలంటే ఇరవై నాలుగు తినాలి. కంపోస్ట్‌కి పాతిక నుంచి ముప్ఫైకి ఒకటి అనే నిష్పత్తి అందరూ చెప్పేది అందుకే. ఎండుగడ్డిలో అది ఎనభైకి ఒకటి దాకా ఉంటుంది, కోళ్ళ పెంటలో పదికి ఒకటి లేదా ఇంకా తక్కువ. గడ్డే వేస్తే బ్యాక్టీరియాకి తిండి ఎదురుగా ఉన్నా ఒంటికి కావల్సిన నైట్రోజన్ దొరక్క పెరగలేవు. కోళ్ళ పెంటే వేస్తే మిగిలిపోయిన నైట్రోజన్ అమ్మోనియాగా లేచి కళ్ళు మండిస్తుంది, ఆ ఘాటు వచ్చిందంటే మీ ఎరువు గాల్లోకి పోతోందని అర్థం. కుళ్ళిన గుడ్ల కంపు వస్తే మాత్రం అది వేరే గొడవ, లోపలికి గాలి ఆడట్లేదు, తిరగెయ్యాలి. ముక్కుతోనే సగం రోగం కనిపెట్టొచ్చు.

ఆ వేడి ఎక్కడిదీ అంటే ఆ కాల్చేసిన కర్బనందే, కోట్లాది బ్యాక్టీరియా ఒంటి వేడి అనుకోండి. కుప్ప ఎత్తూ వెడల్పూ మీటరన్నా లేకపోతే వేడి నిలవదు. నలభై డిగ్రీల దాకా ఒక రకం సూక్ష్మజీవులు పనిచేస్తాయి, అది దాటాక వేడిని ఇష్టపడే రకం డ్యూటీ ఎక్కుతాయి, డెబ్భై దాటితే వాటిలోనూ చాలావరకు చస్తాయి. 55 డిగ్రీలు దాటి కొన్నాళ్ళు నిలబడితే రోగాలు తెచ్చే క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు పోతాయి. అమెరికా ఆర్గానిక్ రూల్స్‌లో అయితే పొడుగ్గా పేర్చిన కుప్పలు 55 నుంచి 77 డిగ్రీల మధ్య 15 రోజులుండాలి, ఆ లోపల కనీసం ఐదుసార్లు తిరగెయ్యాలి అని రాసే ఉంది. పచ్చి పెంట వేస్తే మట్టికి తగిలే కూరగాయని 120 రోజుల దాకా కొయ్యకూడదు. ఆర్గానిక్ అంటే ఏదో ప్రకృతికి వదిలేసి కూర్చోవడం అనుకునేవాళ్ళకి ఈ రూల్స్ ఒకసారి చదివి వినిపించాలనిపిస్తుంది.

తిరగేసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి, పొడి కంపోస్ట్ దుమ్ములో బూజు స్పోర్స్ ఉంటాయి, ఊపిరితిత్తులకి మంచిది కాదు. టెటనస్ ఇంజెక్షన్ చేయించుకునే వెళ్ళండి.

కలుపు గురించి చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే, ఎందుకంటే పని గంటల్లో ఎక్కువ దానికే పోయాయి. 1879 లో మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త ఇరవై సీసాల్లో ఇసుకతో కలిపి కలుపు విత్తనాలు నేలలో పాతిపెట్టాడు, ఎన్నేళ్ళు బతుకుతాయో చూద్దామని, ఆయన పోయాక ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తవ్వుతూ వస్తున్నారు. 2021 లో తీసిన సీసాలో కూడా కొన్ని మొలకెత్తాయి, నూట నలభై రెండేళ్ళ తర్వాత! అది చదివాక మడిలో కూర్చుని ఒక్కో మొక్కా పీకుతుంటే ఏడవాలో నవ్వాలో తెలీదు. పైగా చాలా రకాల విత్తనాలకి కాస్త వెలుతురు తగిలితే చాలు, నిద్ర లేస్తాయి. కాబట్టి లోతుగా తవ్వామంటే కిందున్నవాటికి మనమే వెలుతురు చూపించి పైకి పిలుస్తున్నాం. నాకు నేర్పింది ఏంటంటే, మొలక ఇంకా తెల్ల దారంలా ఉన్నప్పుడే, పొద్దున్నే, ఎండ బాగా కాసే రోజు చూసుకుని, పదునున్న దోకుడుపారతో పై రెండు సెంటీమీటర్లు మాత్రం గీకేసి వదిలెయ్యాలి. కంటికి కలుపు కనబడకముందే తియ్యాలి అన్నమాట. మధ్యాహ్నానికి దారాలన్నీ ఎండిపోతాయి. పది రోజులు ఆలస్యం చేస్తే అదే మడికి పూటంతా పట్టింది, చేతివేళ్ళు పచ్చబడిపోయాయి.

ఇంత చాకిరీ చేసి దిగుబడి ఎంత అంటే, 2014 లో నూటికి పైగా అధ్యయనాలు కలిపి చూసిన ఒక విశ్లేషణలో ఆర్గానిక్ దిగుబడి సగటున 19 శాతం తక్కువ అని తేలింది, పంటలు మార్చి మార్చి, కలిపి వేసే చోట్ల ఆ తేడా బాగా తగ్గింది. మందులు అస్సలు కొట్టరు అనేదీ నిజం కాదు, గంధకం, రాగి మందులు, పురుగుల్ని చంపే బీటీ బ్యాక్టీరియా లాంటివి చాలా చోట్ల అనుమతిస్తారు. వాలంటీర్‌గా వెళ్ళేవాళ్ళు ఫామ్ వాళ్ళని ముందే అడగాల్సిన ప్రశ్న నా దృష్టిలో ఒకటే, మీ పొలానికి నైట్రోజన్ ఎక్కడ్నుంచి వస్తుంది అని. సూటిగా చెప్పగలిగారంటే అక్కడ నేర్చుకోడానికి ఉంటుంది. మా ఆవిడ, అంటే ఆ ఫామ్ ఆవిడ, ఈ ప్రశ్నకి నోటితో జవాబు చెప్పలేదు, కోళ్ళ గూడు వైపూ బీన్స్ మడి వైపూ వేలు చూపించింది.

ఇంతకీ నేను పీకిన ఆ రెండు వరుసలు. పారేస్తారేమో అనుకున్నా. సాయంత్రం ఆయన వచ్చి ఆ కట్టలు విప్పించి, పచ్చిగా ఉండగానే కత్తితో జానెడు జానెడు ముక్కలు కొట్టించి, చచ్చిపడున్న ఆ ఎండుగడ్డి కుప్పని మొత్తం విప్పి ఒక పొర గడ్డి ఒక పొర బీన్స్ చొప్పున నా చేతే మళ్ళీ పేర్పించాడు, మధ్యమధ్యలో నీళ్ళు, రెండు బకెట్ల కోళ్ళ పెంట. చీకటి పడిపోయింది. మూడో రోజు పొద్దున ఊచ లాగి పట్టుకోమన్నాడు, పట్టుకున్నవాణ్ణి పట్టుకున్నట్టే కింద పడేశా.