చాక్లెట్ మీద కాంతి వేగం

తొమ్మిదో తరగతి పిల్లల్ని అడగండి, 'వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం' అని ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేస్తారు. ఆ తరంగదైర్ఘ్యం, అంటే ఒక పూర్తి తరంగం పొడవు, ఎంతుంటుందో చేత్తో చూపించమంటే మాత్రం నేలచూపులే. అందుకే మొన్న విశాఖపట్నంలో మా బడికి ఇంట్లోని మైక్రోవేవ్ ఓవెన్ మోసుకెళ్లాను, ఒక పెద్ద చాక్లెట్ బారుతో సహా. ఓవెన్‌లోని మైక్రోవేవ్ తరంగాలూ కాంతి వేగంతోనే వెళ్తాయి కదా, ఆ వేగాన్నే కొలుద్దామని. మన ఊరి ఉక్కకి అది దారిలోనే కరిగిపోకుండా ఐసు డబ్బాలో పెట్టాల్సి వచ్చిందనుకోండి.

ఓవెన్‌లో గాజు పళ్లెం తిరిగేది వేడి అంతటా సమంగా తగలాలని. మాకు కావాల్సింది సమంగా తగలకపోవడం. దాన్ని తీసేసి, కదలని ప్లేటులో చాక్లెట్ పెట్టి 20 సెకన్లు ఆన్ చేశాం. బారంతా గట్టిగానే ఉంది, అక్కడక్కడా రూపాయి బిళ్లంత మేర మాత్రం తడిగా మెరుస్తోంది. వాసనకి వెనక బెంచీలవాళ్లూ ముందుకొచ్చేశారు.

ఒకమ్మాయి మచ్చకీ మచ్చకీ మధ్య స్కేలుతో కొలిచింది. ఒకచోట 5.8 సెంటీమీటర్లు, ఇంకోచోట 6.2. సగటు 6. ఓవెన్ వెనక లేబుల్ మీద పౌనఃపున్యం 2450 మెగాహెర్ట్జ్ అని ఉంది, అంటే సెకనుకి 245 కోట్ల కంపనాలు. మచ్చల మధ్య దూరమే తరంగదైర్ఘ్యం అనుకుని గుణిస్తే సెకనుకి 14.7 కోట్ల మీటర్లు.

"సార్, సగమే వచ్చిందండి! పుస్తకంలో కాంతి వేగం 30 కోట్లు కదా."

జవాబు చెప్పకుండా, బట్టలారేసే తాడు కిటికీ ఊచకి కట్టించి రెండో కొస ఊపమన్నాను. లయ కుదిరాక తాడు రెండు పొట్టలుగా నిలబడింది. వాటి మధ్య చోటు కదలనే లేదు. ఓవెన్ గోడలకు తగిలి వెనక్కొచ్చే తరంగాలు ఎదురొచ్చేవాటితో కలిసి ఇలాగే నిలబడిపోతాయి. వీటినే స్థిర తరంగాలంటాం. పొట్టలున్నచోట చాక్లెట్ కరిగింది, అస్పందన స్థానాల దగ్గర, అంటే ఆ కదలని చోట్ల, గట్టిగా ఉండిపోయింది. ఒక పొట్ట పైకి లేస్తే పక్కది కిందికి దిగుతోందని తాడు ఊపుతున్న కుర్రాడే ముందు పట్టాడు. "అయితే రెండు పొట్టలు కలిస్తేనా సార్ ఒక తరంగం?" బోర్డు మీద ఆ అమ్మాయి 6 కొట్టేసి 12 వేసింది. 29.4 కోట్లు!

అసలు విలువ 29,97,92,458. తేడా రెండు శాతం లోపే. కరిగిన మచ్చకి నడిమి ఎక్కడో తేల్చడం కష్టం. స్కేలు మీద ఒక్క మిల్లీమీటరు తప్పితే చాలు, జవాబు 49 లక్షల మీటర్లు అటూ ఇటూ అవుతుంది. పైగా పెట్టెలో తరంగాలు మూడు దిక్కులా నిలబడతాయి కాబట్టి మచ్చలు ఒకే వరసలో రావు.

చాక్లెట్ పంచుతుంటే ఆ కుర్రాడే మళ్లీ వచ్చాడు. "మా వైఫై డబ్బా మీద 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటుంది సార్. దాని తరంగం కూడా ఇంతేనా?" బొటనవేలూ చూపుడువేలూ పన్నెండు సెంటీమీటర్ల మేర చాపి పట్టుకున్నాడు.

"ఇంకో అర సెంటీమీటరు చాపు," అన్నాను.