నంబర్లన్నీ కలిశాయా? అయితే కాస్త ఆగండి

సైన్యంలో ఇరవై రెండేళ్లు ఆర్మరర్‌గా, అంటే తుపాకులు చూసి బాగుచేసేవాడిగా పనిచేసి, ఇప్పుడు అంబాజీపేట దగ్గర కొబ్బరితోట చూసుకుంటున్నాను. కోనసీమ పిల్లలు అమెరికాలో స్థిరపడ్డాక నాకు పాత పనే కొత్తగా వచ్చి పడింది. అక్కడ పాత యుద్ధ రైఫిళ్లు చట్టప్రకారమే కొనుక్కోవచ్చు. కొన్నాక ఫోటోలు నాకు పంపుతారు. కొనకముందు ఒక్కడూ పంపడు.

మొన్న టెక్సాస్ నుంచి మా అన్నయ్య కొడుకు ఫోను. "బాబాయ్, మౌజర్ కార్98కె కొన్నాను. బోల్టు మీద, రిసీవర్ మీద, అడుగు పలక మీద అన్నిచోట్లా ఒకే నంబరు. కర్మాగారంలోంచి వచ్చింది వచ్చినట్టే ఉంది." నాలుగేళ్లుగా నేను వింటున్నది ఈ ఒక్క మాటే, గొంతులు మాత్రం మారుతున్నాయి. కార్98కె అంటే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం వాడిన రైఫిల్. గొట్టం వెనక బిగించే లోహపు భాగం రిసీవర్. అందులో ముందుకూ వెనక్కూ కదిలి తూటాను మూసేది బోల్టు.

అపోహ: నంబర్లన్నీ కలిస్తే రైఫిల్ అసలుది, ధర కూడా ఆ లెక్కనే ఇవ్వాలి.

వాస్తవం: నంబర్లు కలిశాయా అని కాదు, ఎవరు కలిపారని అడగాలి. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం జర్మన్ల దగ్గర గుట్టలకొద్దీ స్వాధీనం చేసుకున్న రైఫిళ్లివి. యుద్ధం అయ్యాక వాటిని విప్పి, శుభ్రం చేసి, నల్లపూత వేసి, చేతికందిన భాగాలతో మళ్లీ బిగించారు. ఆపైన రిసీవర్ మీది నంబరును మిగతా భాగాల మీద ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో గీశారు. అది మోసం కాదు. ఏ బోల్టు ఏ రైఫిల్‌దో గోదాములో తెలియాలి కదా! మోసం దశాబ్దాల తర్వాత, ఆ సరుకు అమెరికా బజారుకు చేరాక మొదలైంది.

మన వైపు పొలం కొనేవాడికి ఇది వివరించనక్కర్లేదు. నలభై ఏళ్ల లింకు దస్తావేజులన్నీ ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో కనిపిస్తే ఎవరైనా బయానా ఇస్తారా? అదే చూపుతో బోల్టు చూడండి. జర్మన్ కర్మాగారం అంకెలను అచ్చుతో కొట్టేది. అంచులు తెగినట్టుగా, లోతుగా ఉంటాయి. ఎలక్ట్రిక్ పెన్సిల్ గీత పైపైన, వణికినట్టు, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. కొన్ని భాగాల మీద కొట్టేసిన పాత నంబరు పక్కనే కనిపిస్తుంది. జర్మన్లు చాలావరకు తెల్లటి ఉక్కుగానే వదిలేసిన బోల్టు ఇక్కడ నల్లగా ఉంటుంది. చెక్క మీద ఎర్రటి మెరుపు ఉంటుంది. అది లక్కపూత. ఏటికొప్పాక బొమ్మ చూసిన కంటికి ఆ మెరుపు పట్టడం కష్టం కాదు.

ఇంకొకటి. అంకెలు ఒకటే అయినంత మాత్రాన ఏమీ తేలదు. ఆ కర్మాగారాలు పదివేల దాకా లెక్కపెట్టి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి, ఈసారి అంకె కింద ఒక అక్షరం చేర్చేవి. ఏడాది మారితే మళ్లీ మొదటికే. కాబట్టి రిసీవర్ పైనున్న సంకేతం, ఏడాది, నంబరు, అక్షరం నాలుగూ కలిపి చదవాలి. 'బివైఎఫ్ 43' అంటే ఓబర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ కర్మాగారం, 1943. 'బిఎన్‌జెడ్' అంటే ఆస్ట్రియాలోని స్టయర్ కర్మాగారం. 'డిఓటి' అంటే చెక్ దేశంలోని బ్రనో కర్మాగారం. మావాడి రిసీవర్ బివైఎఫ్. బోల్టు మీది గీత చూస్తే అది ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పలేరు.

అమెరికన్ సైనికుడు స్వయంగా ఇంటికి తెచ్చుకున్న, ఎవరి చెయ్యీ పడని రైఫిల్‌కు, ఈ మరమ్మతు రైఫిల్‌కు ధరలో రెండు మూడింతల తేడా ఉంటుంది. బయటినుంచి తెచ్చి అమ్మిన తుపాకీ మీద దిగుమతిదారు పేరు చెక్కాలని అక్కడి చట్టం. తరచుగా గొట్టం మీద సన్నటి అక్షరాలతో ఉంటుంది. మావాడికి అమ్మినాయన పంపిన ఫోటోల్లో గొట్టం చివర ఒక్కదానిలోనూ లేదు! పిల్లవాడు బాధపడ్డాడు. నేనూ ఎక్కువ తిట్టలేదు. ఆ రైఫిల్ పనికిమాలినది కాదు, రెండు సైన్యాల చేతులు చూసింది. దాని ధర దానికి ఉంది, అంతే. లక్క గీకి కొత్త వార్నిష్ వేయిద్దామనుకుంటున్నాడట. అలా చేస్తే ఉన్న ధర కూడా పోతుందని గట్టిగా చెప్పాను. బోల్టు మరో రైఫిల్‌ది కావచ్చు కాబట్టి, గేజి పెట్టించి హెడ్‌స్పేస్ (మూసిన బోల్టుకూ తూటా ఆనే చోటుకూ మధ్య ఖాళీ) చూపించేదాకా ఒక్క తూటా కూడా కాల్చవద్దన్నాను. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, కన్ను పోతే ఎవరిస్తారు?

మిగతావి త్వరగా. రిసీవర్ మీద ఎక్స్ గుర్తు ఉంటే పనికిరాదని పక్కన పెట్టినది కాదు, అది స్వాధీనపు గుర్తు అంటారు. జర్మన్ల గద్ద ముద్రను సుత్తితో చెరిపేసి ఉన్నంత మాత్రాన నకిలీ కాదు. యుగోస్లావియా ఎం48 రైఫిల్ స్వాధీనం చేసుకున్నది కాదు, యుద్ధం తర్వాత వాళ్లే కొత్తగా చేసుకున్నది. దాని బోల్టు కార్98కెకి పట్టదు.

మన వైపు పుకారు వేరు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తీసుకున్న తుపాకుల్లో ఇదొకటి అంటూ ఒకాయన ఫోటో చూపించారు. బట్టు మెడ దగ్గర బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం ముద్ర, దాని కింద 1943! తుపాకీ ఎవరి దగ్గరుందో నేను అడగలేదు.

అపోహ: పాతదైతే లైసెన్సు అక్కర్లేదు.

వాస్తవం: 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది కాలం చెల్లిన రకానికో, పురాతన విలువ ఉన్నదానికో, పాడైపోయినదానికో. అదీ మరమ్మతు చేసినా పేలదన్నప్పుడే. తాతగారిది అన్న కారణం అందులో లేదు.

రాజోలు వైపు ఒక పెద్దావిడకు, భర్త పోయిన ఆరు నెలలకు అటక మీద తుపాకీ కనిపించింది. రాత్రిళ్లు నిద్ర పట్టక నాకు కబురు చేశారు. "గోదావరిలో వేసేయమంటారా బాబూ?" అన్నారు. వద్దమ్మా అన్నాను. లైసెన్సు పుస్తకం బీరువాలోనే ఉంది. 21వ సెక్షన్ కింద దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించవచ్చు. కొడుక్కి కావాలంటే వారసుడిగా దరఖాస్తు పెట్టుకుంటాడు. నేనే వెంట వెళ్లాను. గంట పట్టింది. చేతికొచ్చిన రసీదును ఆవిడ రెండుసార్లు చదివించుకుని, ఇంటికెళ్లాక భర్త ఫోటో వెనక పెట్టుకున్నారు.