18 మీటర్ల లోపల ఆగిపోయే మేడలు

నెల్లూరులో స్థలం అంకణాల్లో చెబుతారు. ఇక్కడి అంకణం 72 చదరపు అడుగులు, సెంటుకు ఆరు అంకణాల పైచిలుకు. ఎత్తైన భవనాలు కావాలా వద్దా అని ఊళ్లో ఎవరు వాదించుకున్నా కాసేపటికి మాట ఈ లెక్కలోకే దిగుతుంది. ఎన్ని అంకణాల్లో కడుతున్నారు, పక్కింటికి ఎంత జాగా వదిలారు?

మొదట్లో భయం ఎత్తు గురించే. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూమి కంపించింది. 1989 నవంబరులో ‘గే’ తుపాను కావలి దగ్గర తీరం దాటింది. నెల్లూరులో భవనాన్ని సెకనుకు 50 మీటర్ల గాలికి, అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగానికి తట్టుకునేలా లెక్కగట్టాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. అయితే తుపాను మేడలకు చెడ్డపేరు తేలేదు. పూరిళ్లూ పెంకుటిళ్లూ కప్పులు ఎగిరిపోతుంటే జనం పరుగెత్తింది స్లాబు వేసిన బడుల్లోకే.

తర్వాతి అనుమానం నేల గురించి. కింద సొంత మట్టి లేని ఇల్లు ఇల్లేనా అన్న పెద్దలకు 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం కొంత జవాబు చెప్పింది. ఫ్లాటుతో పాటు స్థలంలో విడదీయని వాటా కూడా కొన్నవారి పేరున ఉంటుంది. బ్యాంకు అప్పులు తేలికయ్యాక ఆ అనుమానం మెల్లగా సన్నగిల్లింది.

అసలు మలుపు రాష్ట్ర ప్రభుత్వం 2006లో తెచ్చిన భవన నిర్మాణ నిబంధనలతో వచ్చింది. 18 మీటర్లు, ఆపైన ఉంటే అది ‘హైరైజ్’. 2012లో, 2017లో నిబంధనలు తిరగరాసినా ఈ గీత అలాగే ఉండిపోయింది. 2017 నిబంధనల ప్రకారం గీత దాటితే కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. నెల్లూరు లెక్కలో సుమారు 300 అంకణాలు. 21 మీటర్ల ఎత్తు వరకు 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ, పైగా అగ్నిమాపక శాఖ నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ). 40 మీటర్లు, 50 మీటర్లు కొలతల స్థలం తీసుకుంటే చుట్టూ ఏడేసి మీటర్లు వదిలాక మిగిలేది 26కు 36. సగానికి పైగా స్థలం ఖాళీగా పోతుంది. మూలపేట, చిన్నబజారు సందుల్లో 40 అడుగుల రోడ్డు ఎక్కడ తేవాలి? అందుకే బిల్డర్లు బండ్లు పెట్టుకోవడానికి స్తంభాల మీద నిలిపిన రెండున్నర మీటర్ల స్టిల్టు, దానిపై మూడేసి మీటర్ల చొప్పున ఐదంతస్తులు వేసి 17.5 దగ్గర ఆగుతారు. జనం ‘ఎత్తు’ అని తిట్టుకునేది నిజానికి ఈ రకాన్నే. కిటికీ తీస్తే పక్కవాళ్ల వంటగది, బాల్కనీకి మధ్యాహ్నం దాకా ఎండ రాదు. చుట్టూ జాగా వదిలిన పది అంతస్తుల మీద ఇంత ఫిర్యాదు ఉండదు.

స్టిల్టులోనూ ఒక చిక్కుంది. పైన గోడలు, కింద ఉత్త స్తంభాలు. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో ఇలాంటి భవనాలే కింది అంతస్తు విరిగి కూలాయి. దాంతో గోడల్లేని ఆ అంతస్తు స్తంభాలను మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేయాలని 2002లో భూకంపాలకు సంబంధించిన ప్రమాణం ఐఎస్ 1893 చెప్పింది. ఆ ప్రమాణంలో నెల్లూరు, ఒంగోలు రెండూ మూడో భూకంప మండలంలోనివే, అంటే ముప్పు ఓ మోస్తరు. తీరం పక్కన ఇంకో తెగులు ఉప్పుబోరు నీళ్లు. కాంక్రీటు కలిపే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండకూడదు. ఉంటే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, స్లాబు కింద పెచ్చులు ఊడతాయి.

2015లో వాన, 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు పై అంతస్తులవాళ్లు ఇంట్లోకి నీళ్లు రాకుండా బయటపడ్డారు. కానీ స్టిల్టులో నీళ్లు చేరితే మునిగేవి కరెంటు మీటర్ల బోర్డు, మోటారు, లిఫ్టు గుంట. సంపులోకి మురుగు దిగితే నాలుగో అంతస్తులో ఉన్నా తాగడానికి చుక్క ఉండదు. మీటర్ల బోర్డును వరద మట్టానికి పైకి జరపడం, సంపు మూత చుట్టూ అడుగు ఎత్తు గట్టు కట్టడం పెద్ద ఖర్చేమీ కాదు. ముందే అడిగేవాళ్లు తక్కువ.

అనుమతి లేని ఆరో అంతస్తుల కథ వేరు. ప్లాను ఇచ్చేటప్పుడు కట్టడంలో పది శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు. ప్లాను ప్రకారం కడితేనే ఇంట్లో చేరొచ్చనే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చి దాన్ని విడుదల చేయాలి. ఆయుధం మంచిదే. కానీ 2007లో, 2015లో, 2019లో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్) పేరుతో జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరించేసరికి, నిబంధన పాటించినవాడే అమాయకుడయ్యాడు.

ఒంగోలులో గొడవ ఎత్తు కంటే నీళ్లది. సాగర్ కుడికాలువ నీరు చెరువుల్లో నింపి పట్టణానికి ఇస్తారు. 20 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి 135 లీటర్లు అనుకుంటే రోజుకు 10,800 లీటర్లు కావాలి. కుళాయి మూడు రోజులకోసారి వస్తే సంపు 32,400 లీటర్లు పట్టాలి. అంటే నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంట తీసినా కాస్త చాలదు. స్టిల్టులో అంత గుంట తీస్తే స్తంభాల పునాదులకు అడ్డొస్తుంది. అందుకని చిన్నది కట్టి ట్యాంకరు మీద ఆధారపడతారు. ఇంకో రెండంతస్తులు లేస్తున్నాయంటే వీధివాళ్లు అభ్యంతరం చెప్పేది ఇక్కడే.