మోకాల్లో గుజ్జు, కొబ్బరి డొక్కలో పొట్టు

"మాస్టారూ, మోకాల్లో గుజ్జు అరిగిపోనాదంట. నడిస్తే ఉన్నది కూడా పోద్ది, కదలకుండా కూకోమంతన్నారు. ఏటి సెయ్యమంతారు?"

శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గరి ఒక పల్లె నుంచి ఫోన్లో అడిగారు ఒకావిడ. యాభై నాలుగేళ్లు. కొబ్బరి పీచుతో తాళ్లు పేనే పని. రోజుకు ఆరేడు గంటలు కింద కూర్చునే ఉంటారు. కూర్చున్నంతసేపూ బాగానే ఉంటుందట. లేవబోతేనే మోకాళ్లు బిగుసుకుపోయి, గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాక గానీ దారికి రావట.

ఆ ప్రశ్నకు జవాబు ఆవిడ ఒళ్లోనే ఉంది. కొబ్బరి డొక్కలో, అంటే కాయ పైనుండే పీచు తొక్కలో ఉంది. అది తట్టినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

ముందు ఈ 'గుజ్జు' అనే మాట సంగతి చూద్దాం. శ్రీకాకుళం బస్సులో ఎక్కినా, అరసవల్లి గుడి బయట కూర్చున్నా ఈ మాట వినబడుతుంది. వినగానే మనసులో ఒక బొమ్మ కడుతుంది: రెండు ఎముకల మధ్య గ్రీజులాంటి ముద్ద, వాడేకొద్దీ తరిగిపోతుంది. అంటే మోకాలు ఒక తిరగలి. తిప్పేకొద్దీ రాయి అరుగుతుంది కాబట్టి తిప్పకపోవడమే మంచిది. చాలామంది ఇంట్లో పెద్దవాళ్లను కుర్చీకి కట్టేస్తున్నది ఈ బొమ్మే.

ఈ బొమ్మ తప్పు. ఎముకల చివర ఉండేది ముద్ద కాదు, మృదులాస్థి. తెల్లగా, నున్నగా మెరిసే పొర. మోకాల్లో చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం, రెండు రూపాయి బిళ్లలు దొంతర పెట్టినంత. ఆ పొరలో రక్తనాళాలు లేవు. నరాలూ లేవు. మరి దానికి తిండి ఎలా అందుతుంది?

బడిలో కీళ్ల పాఠం చెప్పేటప్పుడు బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు అని పేర్లు బట్టీ వేయిస్తాం. అవి ఎవరికైనా వచ్చేస్తాయి, వాటి జోలికి ఇక్కడ పోను. అసలు ఆశ్చర్యపోవాల్సిన సంగతి, అంటే రక్తం అందని కణం ఏళ్ల తరబడి ఎలా బతుకుతుందన్నది, పరీక్షలో రాదు కాబట్టి ఎవరం చెప్పం. నేనూ చాలా ఏళ్లు చెప్పలేదు, అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఒక డొక్క ముక్క తెచ్చుకోండి. ఎండు డొక్కను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్న ఒక పళ్లెంలో పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కండి. నేను వంటింటి గట్టు మీద పెట్టి నొక్కాను. ముందు నీళ్లు అంచుల్లో మెరుస్తాయి, తర్వాత వేళ్ల సందుల్లోంచి కారతాయి. ఇప్పుడు దాన్ని నీళ్లలోనే ఉంచి చెయ్యి తీసేయండి. ముక్క నెమ్మదిగా ఉబ్బుతుంది, పోయిన నీళ్లను తిరిగి పీల్చుకుంటుంది. ముక్కను చీల్చి చూస్తే లోపల రెండు రకాల సరుకు కనబడుతుంది. ఒకటి పీచు: పొడవాటి, లాగినా తెగని పోగులు. రెండోది ఆ పోగుల మధ్య ఇరుక్కున్న గోధుమరంగు పొట్టు, ఇప్పుడు కోకోపీట్ అని సంచుల్లో అమ్ముతున్నారే, అదే. నీళ్లను పట్టి ఉంచేది పొట్టు. ఆ పొట్టును చెదిరిపోకుండా బిగించి ఉంచేది పీచు.

మృదులాస్థి అచ్చంగా ఇదే కట్టడం. పీచు స్థానంలో కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. పొట్టు స్థానంలో అగ్రికాన్ అనే పెద్ద అణువులు, సీసాలు కడిగే బ్రష్ ఆకారంలో ఉంటాయి. ఆ బ్రష్ కుచ్చులు కాండ్రాయిటిన్ సల్ఫేట్, కెరటాన్ సల్ఫేట్ గొలుసులు, వాటి నిండా రుణావేశాలు. రుణావేశాలు సోడియం అయాన్లను లాక్కుంటాయి, అయాన్లు పోగైన చోటికి ద్రవాభిసరణ వల్ల నీళ్లు వస్తాయి. అగ్రికాన్లు ఇంకా ఇంకా ఉబ్బాలని చూస్తాయి, కొల్లాజెన్ వల ఉబ్బనివ్వదు. ఆ ఉబ్బుకీ ఈ బిగింపుకీ మధ్య పెనుగులాటే మృదులాస్థి గట్టిదనం. బరువులో 65 నుంచి 80 శాతం నీళ్లే అయినా అది మన ఒంటి బరువును మోస్తుంది. అడుగు వేసిన తొలి క్షణాల్లో ఆ బరువులో 90 శాతానికి పైగా మోసేది లోపల చిక్కుకున్న నీళ్లే, పోగులు కాదు.

ఇక్కడ డొక్కకూ దానికీ ఒక తేడా చెప్పాలి. డొక్కలోంచి నీళ్లు గబుక్కున కారిపోతాయి. మృదులాస్థిలో రంధ్రాలు మిల్లీమీటరులో లక్షో వంతు స్థాయిలో ఉంటాయి కాబట్టి నీళ్లు చాలా నిదానంగా కదులుతాయి. మనుషుల చేత గుంజీళ్లలాంటివి తీయించి, ముందూ తర్వాతా ఎం.ఆర్.ఐ. తీసి చూశారు. మోకాలి చిప్ప వెనక ఉన్న మృదులాస్థి పరిమాణం సుమారు 5, 6 శాతం తగ్గింది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి గంటకు పైగా పట్టింది. బళ్లో గుంజీళ్లు తీయించిన ప్రతిసారీ పిల్లాడి మోకాలు ఒకసారి పిండుకుని, మళ్లీ నీళ్లు తాగిందన్నమాట.

ఆ నీళ్లు ఎక్కడివంటే, కీలు సంచిలో ఉండే సైనోవియల్ ద్రవం. ఆరోగ్యంగా ఉన్న మోకాల్లో ఒక చిన్న చెంచాడు కూడా ఉండదు. సంచి లోపలి పొరకు రక్తనాళాలున్నాయి, ఆ రక్తం నుంచి పోషకాలు ద్రవంలోకి దిగుతాయి. ద్రవం నుంచి మృదులాస్థిలోకి కొంత వాటంతటవే ఇంకుతాయి. కొంత నొక్కు, వదులు, నొక్కు, వదులు అనే ఈ పిండుడు వల్ల లోపలికి చేరుతాయి. కీలు కదలకపోతే ద్రవం కలవదు, పొర పిండుకోదు.

ఆవిడ చెప్పిన 'నాలుగడుగుల తర్వాత దారికి రావడం' కూడా ఈ ద్రవం చలవే అనుకోవచ్చు. ఇందులో హయలురోనిక్ ఆమ్లం పొడవాటి దారాల్లా ఉంటుంది. కదలిక లేకపోతే దారాలు చిక్కుపడి ద్రవం చిక్కగా ఉంటుంది. కదిలిస్తే దారాలు ఒక దిక్కుకు సర్దుకుని పలచబడుతుంది. గడ్డపెరుగును కవ్వంతో రెండు తిప్పులు తిప్పగానే జారుడైనట్టు. పెరుగు మళ్లీ గడ్డ కట్టదు, ఈ ద్రవం మాత్రం కాసేపు ఊరుకుంటే మళ్లీ చిక్కబడుతుంది.

కాబట్టి 'కదలకుండా కూర్చో' అన్న సలహా డొక్కను నొక్కిపెట్టి చెయ్యి తీయకుండా ఉంచేయడం లాంటిది. మృదులాస్థి కణాలకు ఒత్తిడి వచ్చి పోతూ ఉంటే కొత్త అగ్రికాన్‌ను తయారుచేస్తాయి. ఒకే ఒత్తిడి గంటలకొద్దీ ఉంటే ఆ తయారీ తగ్గిస్తాయి. అసలు ఒత్తిడే లేకపోతే? వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కదలని మనుషుల మోకాళ్లను కొలిస్తే, మొదటి ఏడాదిలోనే మృదులాస్థి సుమారు పదో వంతు పలచబడిపోయింది. తిరగలి బొమ్మే నిజమైతే ఎవరూ వాడని ఆ మోకాళ్లు కొత్తవాటిలా ఉండాలి.

పరుగెత్తేవాళ్ల లెక్క కూడా ఇంతే. 2017లో పాత అధ్యయనాలను కలిపి చూస్తే, సరదాకి పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి అరుగుదల 3.5 శాతం మందికి ఉంటే, పరుగు జోలికి పోని వాళ్లలో 10.2 శాతం మందికి ఉంది. పోటీల్లో పరుగెత్తేవాళ్లలో 13.3 శాతం. మంచి మోకాళ్లున్నవాళ్లే పరుగుకు దిగుతారు కాబట్టి ఈ అంకెలను పూర్తిగా పరుగు ఖాతాలో వేయకూడదు. పోటీ పరుగు సంగతి వేరు. అయినా, మామూలు వాడకమే అరుగుదలకు కారణమన్న మాట వీటి ముందు నిలబడదు.

ఒక కష్టమైన నిజం కూడా చెప్పాలి. మృదులాస్థిలో కొల్లాజెన్ అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం మారడానికి పట్టే కాలం, వంద ఏళ్ల పైమాట. అంటే పీచు దాదాపు జీవితానికి ఒక్కసారే వస్తుంది, పొట్టు మాత్రం మారుతూ ఉంటుంది. వల తెగి, ఎముక బయటపడ్డాక వ్యాయామంతో కొత్త మృదులాస్థి మొలవదు. కానీ అరుగుదల ఉన్నవాళ్లకు కూడా వ్యాయామంతో నొప్పి తగ్గుతుంది, నడక మెరుగుపడుతుంది. చుట్టూ కండరాలు బలపడి బరువును పంచుకుంటాయి కాబట్టి. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

బెండకాయ నీళ్లు తాగితే గుజ్జు ఊరుతుందని నమ్మకం. జిగురుకు జిగురు అన్న పోలిక తప్ప అందులో ఏమీ లేదు, ఆ జిగురు పేగు దాటి మోకాలికి చేరదు. బెండకాయ మంచిదే, కూర వండుకు తినండి. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రలను 2006లో 1,583 మంది మీద పరీక్షిస్తే, మొత్తం మీద ఉత్తుత్తి మాత్రల కన్నా మెరుగ్గా నొప్పిని తగ్గించలేదు.

ఇక ఏం చేయాలో. ఆవిడకు చెప్పిందే ఇక్కడా చెబుతాను.

మొదటిది, అన్నిటికన్నా తేలికది: అరుగు మీద కూర్చుని కాళ్లు ఊపడం. పాదాలు నేలకు తగలకూడదు. గడియారం లోలకంలా ముందుకీ వెనక్కీ, రెండు మూడు నిమిషాలు. మోకాలి మీద బరువు దాదాపు లేదు, ద్రవం మాత్రం కలుస్తుంది, పలచబడుతుంది. మన ఇళ్లలో కాళ్లు ఊపితే దరిద్రం అని చిన్నప్పటి నుంచి కసురుతారు. నన్నూ మా నాయనమ్మ కసిరింది. ఆవిడ మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను, తాళ్లు పేనే మనిషి గంటకోసారి లేచి చేయాల్సిన మొదటి పని ఇదే.

రెండోది చీలమండ. మోకాలు నొప్పి అంటే అందరూ మోకాలినే చూస్తారు, కిందనున్న చీలమండ వంగకపోతే మోకాలికి ఎంత కష్టమో చూడరు. చెప్పుల్లేకుండా గోడకు ఎదురుగా నిలబడండి. బొటనవేలికీ గోడకూ మధ్య బెత్తెడు దూరం, అంటే నాలుగు వేళ్లు అడ్డంగా పట్టేంత. మడమ లేపకుండా మోకాలిని ముందుకు వంచి గోడకు తాకించండి. తాకితే పాదాన్ని ఒక వేలు వెనక్కి జరిపి మళ్లీ చూడండి. బెత్తెడు మీద ఇంకో వేలు, వేలున్నర దూరంలో తాకితే చీలమండ బాగున్నట్టే. బెత్తెడు దగ్గరే మడమ లేస్తోందంటే పిక్క బిగుసుకుందని అనుకోవచ్చు. నా కుడికాలు తాకింది, ఎడమకాలు తాకలేదు. ఎప్పుడో బెణికిన కాలు అది.

ఆ పిక్కను సాగదీయడానికి గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు అదిమి 30 సెకన్లు. కాలికి రెండు మూడుసార్లు. 30 సెకన్లు నిలిపినా నిమిషం నిలిపినా ఫలితం ఒకేలా ఉందని 1994లో తొడ వెనక కండరాల మీద చేసిన పరీక్షలో తేలింది. ఊగిస్తూ లాగొద్దు. కండరంలో సాగుడును కనిపెట్టే తంతువులున్నాయి, గబుక్కున లాగితే అవి వెన్నుపాముకు కబురంపి కండరాన్ని ఇంకా బిగిస్తాయి. ఇంకో వింత ఉంది. కొన్ని వారాలు సాగదీశాక కాలు ఎక్కువ వంగుతోందంటే, చాలావరకు కండరం పొడవు పెరిగి కాదు. ఆ లాగుడును నరాలు ప్రమాదంగా లెక్కవేయడం మానేస్తాయి. ఇదివరకు 'ఇక చాలు' అన్నచోట ఇప్పుడు ఊరుకుంటాయి.

మూడోది, ఎత్తైన కుర్చీ నుంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. పదిసార్లు. తేలికైతే కొంచెం తక్కువ ఎత్తు స్టూలు, ఆపైన పీట. కండరాన్ని పూర్తి వంపు మేర పని చేయిస్తే, సాగదీత వ్యాయామాలకు దీటుగా కీలు వంపు పెరుగుతుంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు, మనం చూసింది బలం. బరువు కింద తుంటి, మోకాలు, చీలమండ మడతపడిన తీరు చూడలేదు. ఆ వంపు లేకపోతే ఆ బలం నిలబడే చోటే లేదు.

భుజం పట్టేసినవాళ్లు, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లు, వేళ్లతో గోడ మీద పాకించుకుంటూ చేతిని పైకి తీసుకెళ్లండి. ఎంతదాకా వెళ్లిందో సుద్దముక్కతో గీత గీసుకోండి. కీలులో 'టప్' మన్న చప్పుడు నొప్పి లేకుండా వస్తే భయపడొద్దు, అది ద్రవంలో ఏర్పడే గాలిబుడగ వ్యవహారం.

చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉండొచ్చు. మర్నాటికి తగ్గిపోతే అలాగే కొనసాగించండి, మర్నాడు కూడా నిలిచి ఉంటే సగానికి తగ్గించండి. కీలు ఎర్రగా వేడిగా వాచినా, జ్వరం ఉన్నా, మోకాలు మధ్యలో ఇరుక్కుపోతున్నా వ్యాయామం ఆపి డాక్టర్ని కలవండి. పొద్దున్నే బిగుసుకుపోవడం అరగంటలోపు వదిలితే సాధారణంగా అరుగుదల. గంట దాటినా వదలకపోతే రుమటాయిడ్ లాంటి కీళ్లవాతం జబ్బు కావచ్చు, దానికి మందులు తొందరగా మొదలుపెట్టాలి.

ఈ కవిటి వైపు ఉద్దానం ప్రాంతం వాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు చాలావరకు కిడ్నీకి రక్తం అందించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయి. ఎండలో పనిచేసి ఒంట్లో నీళ్లు తగ్గిన మనిషికి ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. కిడ్నీ జబ్బులు ఇన్ని ఇళ్లను కూల్చిన ప్రాంతంలో మోకాలి నొప్పికి రోజూ ఒక మాత్ర మింగడం నాకు నిద్ర పట్టనివ్వని విషయం. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా, డాక్టర్ని అడగకుండా వాడొద్దు.

మూడు వారాల తర్వాత ఆవిడ మళ్లీ ఫోన్ చేశారు. నొప్పి పూర్తిగా పోలేదు. లేచేటప్పుడు గోడ పట్టుకోవడం తగ్గిందట. చీలమండ పరీక్షలో కుడిది తాకుతోందట, ఎడమది ఇంకా ఒక వేలు దూరం ఉందట. ఆ వేలు దూరానికి ఇంకో నెల పట్టొచ్చని చెప్పాను.