ఫారానికి డబ్బొచ్చింది, మనిషికి రాలేదు: ఒంటారియో బడుల్లో దెబ్బల లెక్క వెనుక కథ

కెనడాలోని ఒంటారియో బడుల్లో టీచర్లు, సహాయక సిబ్బంది తింటున్న దెబ్బల సంగతి మళ్లీ పైకి తేలింది. సిబ్బంది సంఘాలతో ఉన్న ఒప్పందాలు 2026 ఆగస్టు 31తో ముగుస్తాయి. కొత్త ఒప్పందాల బేరం దగ్గరపడితే అందరూ అంకెలు బయటికి తీస్తారు. బడుల్లో హింస పెరిగిపోయిందని సంఘాలు అంటాయి. హింస ఏమోగానీ, ఆన్‌లైన్‌లో రాయడం తేలికయ్యాక రిపోర్టులు మాత్రం పెరిగాయన్నది యాజమాన్యాల వైపు నుంచి వినిపించే జవాబు. ఇది తేలాలంటే ఆ ఆన్‌లైన్ ఫారం ఎక్కడి నుంచి వచ్చిందో, దాని వెంట వచ్చిన డబ్బు ఎంతవరకు పోయి ఆగిందో చూడాలి.

పనిచేసేచోట హింసపై ఒంటారియో చట్టం పుట్టుక అక్కడ చాలామందికి తెలిసిందే. 2005లో విండ్సర్ ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న నర్సును అక్కడి డాక్టరే చంపాక ప్రావిన్స్ కదిలింది. కార్మికుల భద్రత చట్టానికి బిల్ 168 పేరుతో వచ్చిన సవరణ 2010 జూన్ 15 నుంచి అమల్లో ఉంది. పనిచేసేచోట హింస అంటే ఏమిటో అందులో రాశారు. దెబ్బ తగిలినా, కొట్టబోయినా, కొడతానని బెదిరించినా హింసే. యజమాని ప్రమాదాన్ని ముందే అంచనా వేయాలి, ఫిర్యాదు చేసే దారి చూపాలి.

బడుల విషయానికొస్తే ఆ నిర్వచనంలో ఒక మెలిక ఉంది. కొట్టినవాళ్లకు కొట్టాలన్న ఉద్దేశం ఉండాలని చట్టం అనదు. ఆరేళ్ల పిల్లాడు, ఆటిజం ఉంది, మాటలు రావు. ఫైర్ డ్రిల్ గంట మోగింది. వాడు చెవులు మూసుకుని నేలకేసి తల బాదుకుంటున్నాడు. తల కింద అరచెయ్యి అడ్డం పెట్టిన సహాయకురాలి మణికట్టు కొరికేశాడు. పోలీసుల దృష్టిలో అక్కడ నేరమే లేదు. తల్లికి అది బిడ్డ పడుతున్న బాధ. కార్మిక చట్టం ప్రకారం మాత్రం అది పనిచేసేచోట హింస, రిపోర్టు రాయాల్సిన సంఘటన.

చాలా ఏళ్లపాటు ఆ రిపోర్టు ఎవరూ రాయలేదనే చెప్పాలి. పిల్లాడి మీద ఫిర్యాదా అన్న మొహమాటం ఒకటి, క్లాసును అదుపు చేయడం రాదంటారేమోనన్న భయం ఒకటి. ఫారం కాగితం రూపంలో ఉండేది. ప్రిన్సిపాల్ టేబుల్ దాటి అది ఎక్కడికి పోయిందో రాసినవాళ్లకు తెలిసేది కాదు.

పైగా విద్యాశాఖ దగ్గర వేరే లెక్క ఉంది. 2011లో వచ్చిన 120వ నంబరు మెమొరాండం ప్రకారం స్కూలు బోర్డులు, అంటే ఒక్కో ప్రాంతంలో బడులను నడిపే సంస్థలు, ఏటా హింసాత్మక సంఘటనల సంఖ్యను శాఖకు పంపాలి. అందులోకి ఏవేవి వస్తాయో జాబితా ఉంది. ఆయుధం దగ్గర ఉండటం, ఆయుధంతో బెదిరించడం, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత గాయం చేయడం, లైంగిక దాడి, దోపిడీ, బెదిరించి వసూలు చేయడం, ద్వేషంతో చేసిన దాడులు. కొరుకుళ్లు, తన్నులు, మొహం మీద ఉమ్మడం, విసిరిన కుర్చీ, డాక్టరు దాకా పోని దెబ్బలేవీ ఆ జాబితాకెక్కవు. అంటే ఒకే బడిలో ఒకే రోజు జరిగినదానికి రెండు లెక్కలు. శాఖకు వెళ్లేది చిన్న లెక్క. బోర్డు దగ్గర ఉండిపోయేది పెద్ద లెక్క. మంత్రులు ఒక అంకె, సంఘాలు ఇంకో అంకె చెబితే ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారనుకోనక్కర్లేదు. వాళ్లు వేర్వేరు పుస్తకాలు చదువుతున్నారు.

అసలు మలుపు 2018. దానికి ముందు ఏడాది ఎలిమెంటరీ టీచర్ల సంఘం ఈటీఎఫ్‌ఓ తన సభ్యులను అడిగితే, ఆ విద్యాసంవత్సరంలో హింసను స్వయంగా ఎదుర్కొన్నామనో కళ్లారా చూశామనో 70 శాతం మంది చెప్పారు. సంఘాలు, బోర్డులు, శాఖ కలిసి కూర్చునే ఆరోగ్య భద్రత కార్యబృందం అప్పటికే ఉంది. 2018 మార్చిలో కార్మికశాఖ, విద్యాశాఖ కలిసి స్కూలు బోర్డుల్లో హింసపై చట్టం ఏమంటుందో వివరిస్తూ గైడ్ వెలువరించాయి. పిల్లాడికి ఉద్దేశం లేకపోయినా, తాను చేసేదేమిటో తెలియకపోయినా అది చట్టం లెక్కలో హింసేనని అందులో స్పష్టంగా రాశారు. కాగితాల నుంచి ఆన్‌లైన్ రిపోర్టింగ్‌కు మారడానికి బోర్డులకు శాఖ నుంచి డబ్బు అందింది కూడా ఆ ఏడాదే. దీర్ఘకాలిక మానసిక ఒత్తిడికి ప్రమాద బీమా సంస్థ డబ్ల్యూఎస్‌ఐబీ పరిహారం ఇవ్వడం 2018 జనవరి 1న మొదలైంది. దాంతో తేదీ, టైము పడ్డ రిపోర్టు చేతిలో ఉండటం సిబ్బందికి నిజంగా అవసరమైంది.

ఆన్‌లైన్ ఫారం చిన్న మార్పు కాదు. ఎక్కడ జరిగింది, ఏ సమయంలో, ఒంట్లో ఎక్కడ తగిలింది, ఇంతకుముందు జరిగిందా, డాక్టరు దగ్గరికి వెళ్లారా అని అడుగుతుంది. సబ్‌మిట్ నొక్కగానే ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ పోతుంది. కాగితంలా టేబుల్ సొరుగులో మాయం కాదు. ఒకే గదిలో ఒకే గంటకు పదిసార్లు జరిగితే అది కనబడుతుంది. సిబ్బంది, యాజమాన్యం కలిసి ఉండే భద్రత కమిటీ దాన్ని చూపించి ప్రశ్న అడగొచ్చు. సంఘాలు ఏళ్లతరబడి కోరుకున్నది ఇదే. ఆ డబ్బు వృథా ఖర్చని నేను అనను.

కానీ ఆ డబ్బు ఫారం దగ్గరే ఆగిపోయింది. ఫారం చదివాక చేయాల్సిన పనికి మనుషులు కావాలి. ఆ గదిలో ఇంకొక ఈఏ కావాలి. ఈఏ అంటే ఎడ్యుకేషనల్ అసిస్టెంట్, ప్రత్యేక అవసరాలున్న పిల్లల పక్కన రోజంతా ఉండే మనిషి. పిల్లల ప్రవర్తన, మనసు సంగతి చూసుకునే చైల్డ్ అండ్ యూత్ వర్కర్ బడికొకరు కావాలి, సైకాలజిస్టు కోసం నెలల తరబడి ఎదురుచూడక్కర్లేకుండా ఉండాలి. 2018 జూన్ ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. మరుసటి ఏడాది లోకల్ ప్రయారిటీస్ ఫండ్ అయిపోతే కొత్త ప్రభుత్వం దాన్ని కొనసాగించలేదు. బోర్డులు చాలామంది ఈఏలకు జీతాలిచ్చింది ఆ నిధితోనే. అదే 2019లో, పిల్లల థెరపీకి డబ్బిచ్చే ఆటిజం కార్యక్రమాన్ని మార్చారు. థెరపీ తగ్గిన పిల్లలు బడికి ఎక్కువ గంటలు వస్తారని ప్రభుత్వానికీ తెలుసు. అందుకే కొత్తగా చేరే ఒక్కో పిల్లాడికి సగటున 12,300 డాలర్లు బోర్డుకు ఇస్తామని అప్పటి విద్యాశాఖ మంత్రి లీసా థాంప్సన్ ప్రకటించారు. పూర్తికాల ఈఏ జీతానికి ఆ మొత్తం ఏమూలకూ చాలదు. రిపోర్టు రాసే ఏర్పాటు బడులకు వచ్చిన మరుసటి ఏడాదే, ఆ రిపోర్టుకు జవాబుగా పంపాల్సిన మనుషులు తగ్గారు. ఈరోజు గొడవంతా నాకు ఆ ఏడాదిలోనే కనిపిస్తుంది.

మా పరిచయస్తురాలు ఒకావిడ, కాకినాడ నుంచి వచ్చి టొరంటో శివార్లలో ఈఏగా చేస్తున్నారు. బ్యాగులోంచి ఆమె తీసి చూపించిన కెవ్లార్ అనే గట్టి బట్టతో చేసిన తొడుగులు ముంజేతి నుంచి మోచేతి పైదాకా వస్తాయి, ముట్టుకుంటే గరుకుగా ఉంటాయి. కొరికితే పళ్లు దిగవు గానీ నొక్కుడు తప్పదట. మోచేయి దగ్గర పచ్చగా మారిన మచ్చ ఉంది. "వాడి తప్పేం లేదండీ, వాడికి అదొక్కటే మాట," అన్నారు. మరి రిపోర్టు రాశారా అని అడిగితే, మొదట్లో రోజూ రాసేవారట. బడి గంట కొట్టాక జీతం లేని టైములో, స్టాఫ్ రూమ్‌లో ఉన్న ఒక్క కంప్యూటర్ ముందు వరసలో నిలబడి. టీచర్లకు ల్యాప్‌టాప్‌లు ఉంటాయి, వీళ్లకు లేవు. చర్యగా ఏం తీసుకున్నారన్న గడిలో ప్రతిసారీ ఒకటే జవాబు, సిబ్బందితో మాట్లాడాం అని. ఆ మాట్లాడింది తనతోనే. ఇప్పుడు రక్తం వస్తేనే రాస్తానన్నారు.

రిపోర్టులు తేలికవడం వల్లే లెక్క పెరిగిందనే వాదన ఇక్కడ నిలబడదు. పోర్టల్ లెక్కలను పక్కన పెట్టినా, పోర్టల్‌తో సంబంధం లేని సర్వేలూ అదే చెబుతున్నాయి. ఒటావా యూనివర్సిటీ పరిశోధకులు ఎలిమెంటరీ టీచర్లను అడిగితే 2017-18లో పిల్లల చేతిలో దెబ్బలు తిన్నామని 54 శాతం మంది చెప్పారు. తర్వాత వాళ్లే ఈఏల వంటి సహాయక సిబ్బందిని అడిగితే, 2018-19లో శారీరక దాడి గానీ, దాడి ప్రయత్నం గానీ, బెదిరింపు గానీ ఎదురైందని 89 శాతం మంది అన్నారు. ఈటీఎఫ్‌ఓ 2023లో మళ్లీ అడిగినప్పుడు 70 శాతం కాస్తా 77 అయింది. టొరంటో డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డుపై 2024 డిసెంబరులో వచ్చిన ఆడిటర్ జనరల్ నివేదిక చూసింది శాఖకు వెళ్లే చిన్న లెక్కనే. 2017-18 నుంచి 2022-23కి అదీ 67 శాతం పెరిగిందని తేల్చింది.

ఇంకోవైపు తల్లిదండ్రుల భయం ఉంది, అది ఉత్తి భయం కాదు. ఫారాలు పేరుకుపోతే అవే తమ బిడ్డను బడికి రానీయకపోవడానికి సాకవుతాయని దివ్యాంగ పిల్లల తల్లులు అంటారు. మిగతావాళ్లకు హాని అనిపిస్తే ఎవరినైనా లోపలికి రానివ్వకుండా ఆపే అధికారాన్ని విద్యాచట్టం ప్రిన్సిపాల్‌కు ఇచ్చింది. సగం పూటకే పంపించమనడం, ఈఏ సెలవైతే పిల్లాణ్నీ ఇంట్లో ఉంచుకోమనడం చాలా ఇళ్లకు అనుభవమే. ఆ తల్లి అడిగేదీ పక్కన ఇంకో మనిషి కావాలనే. ఈఏ అడిగేదీ అదే. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది డబ్బు లేకపోవడమే.

2022 నవంబరులో ఈ విషయం రోడ్డెక్కింది. క్యూపీ సంఘంలోని సుమారు 55,000 మంది సహాయక సిబ్బంది సమ్మెకు సిద్ధమైతే ప్రభుత్వం బిల్ 28తో దాన్ని నిషేధించింది. కోర్టులు కొట్టేయకుండా రాజ్యాంగంలోని ప్రత్యేక నిబంధనను అడ్డం పెట్టుకుంది. అయినా వాళ్లు బయటికొచ్చారు. పది రోజుల్లో ఆ చట్టం రద్దయింది. చివరికి గంటకు ఏటా ఒక డాలరు పెంపు దొరికింది. బడుల్లో ఇంతమంది ఉండాలన్న హామీ మాత్రం దొరకలేదు. ఇప్పుడు ముగుస్తున్నది ఆ ఒప్పందమే.

ఈలోగా ప్రభుత్వం భద్రతకు తన సమాధానం తాను వెతుక్కుంది. 2025 నవంబరులో ఆమోదం పొందిన బిల్ 33 ప్రకారం, స్థానిక పోలీసులకు స్కూల్ ఆఫీసర్ల కార్యక్రమం ఉంటే బోర్డులు వాళ్లను బడుల్లోకి రానివ్వాలి. గంట మోతకు బెదిరి కొరికే ఆరేళ్లవాడి దగ్గర యూనిఫాం వేసుకున్న పోలీసు చేయగలిగేదేముంటుంది? టొరంటో, ఒటావా సహా కొన్ని పెద్ద బోర్డులను 2025లోనే ప్రభుత్వం నియమించిన సూపర్‌వైజర్ల చేతికి అప్పగించారు. ఎన్నికైన ట్రస్టీలకు అక్కడ నిర్ణయాధికారం లేదు. హింస రిపోర్టులు ఎన్ని వచ్చాయి, వాటికి ఏం చేశారు అని ఇంతకాలం నిండు సభలో బోర్డును నిలదీయగలిగింది వాళ్లే.