అరగక చెడిపోయిన బ్రేకులు

62,000 కిలోమీటర్లు తిరిగినా ఒక్కసారి కూడా బ్రేక్ ప్యాడ్లు మార్చలేదని మొన్నటిదాకా కనపడినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉన్న హైబ్రిడ్ కారు కదా, బ్రేకులు అరగవు, ఆ ఖర్చే లేదు అని. రెండు నెలల నుంచి లీటరుకు 23 కిలోమీటర్లు ఇచ్చే బండి 20 దగ్గర ఆగిపోతుంటే పెట్రోలు మీద అనుమానపడ్డాను, టైర్లలో గాలి చూపించాను, ఏసీని తిట్టుకున్నాను. చివరికి ఒకరోజు బండి దిగి అటు తిరిగి వెళ్తుంటే ఎడమ ముందు చక్రం దగ్గర కాలిన వాసన వచ్చింది. చెయ్యి దగ్గర పెడితే సెగ. కుడి చక్రం దగ్గర ఏమీ లేదు.

మాది విశాఖపట్నం. ఇంటి గేటుకి ఏడాదికోసారి రంగు వేయకపోతే తుప్పు పొరలు పొరలుగా లేచిపోతుంది. గేటు సంగతి తెలిసినవాణ్ణి చక్రం లోపలి ఇనుము గురించి ఎందుకు ఆలోచించలేదో నాకే తెలియదు.

ముందు అసలు ఈ బ్రేకులు ఎందుకు అరగవో చూద్దాం. 1,300 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దానిలో ఉండే గతిశక్తి దాదాపు 180 కిలోజౌళ్లు. అంటే అర లీటరు పైచిలుకు నీళ్లను మరిగించేంత. మామూలు కారులో బ్రేకు తొక్కిన ప్రతిసారీ ప్యాడ్లు చక్రంతో పాటు తిరిగే డిస్కుని పట్టుకుని ఆ శక్తినంతా వేడిగా మార్చి గాలిలో కలిపేస్తాయి. సిగ్నల్ సిగ్నల్‌కీ నాలుగు టీల నీళ్లు కాచి పారబోసినట్టే. హైబ్రిడ్‌లో పెడల్ మెల్లగా తొక్కితే చక్రాలు మోటారుని తిప్పుతాయి, మోటారు జనరేటర్‌గా మారి కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపుతుంది, కరెంటు పుట్టించడానికి పడే ఆ బరువే కారుని నెమ్మది చేస్తుంది. పాత సైకిల్‌కి డైనమో ఆనిస్తే తొక్కడం ఎలా బరువెక్కేదో గుర్తుందా, అదే. కరెంటు బిల్లు లెక్కలో అలాంటి 20 బ్రేకులు కలిస్తే ఒక యూనిట్, మధ్యలో పోయే నష్టాలు వేరే. ఇదేమీ కొత్త విద్య కాదు, మెట్రో రైళ్లు చాలాకాలంగా చేస్తున్నదే. కార్లలో ఇంటింటి మాట అయింది మాత్రం 1997 చివర్లో జపాన్‌లో టయోటా ప్రియస్ అమ్మకానికి వచ్చాకే.

కాబట్టి ప్యాడ్లకి పని దొరికేది ఎప్పుడంటే, బాగా నెమ్మదయ్యాక చివరి నాలుగు గజాల్లో, లేదా ఎవరో అడ్డం వచ్చి గట్టిగా తొక్కినప్పుడు, లేదా బ్యాటరీ నిండిపోయినప్పుడు. మిగతా సమయమంతా వానలో తడుస్తూ, ఉప్పుగాలి పీలుస్తూ ఖాళీగా కూర్చుంటాయి. మామూలు కారులో డిస్కు మీద రాత్రికి రాత్రి పట్టిన తుప్పు పొద్దున రెండు బ్రేకులకి గీసుకుపోతుంది. మన బండిలో గీసేవాడు లేడు. (ఇదంతా మోటారుతో కూడా నడిచే స్ట్రాంగ్ హైబ్రిడ్ సంగతి. మైల్డ్ హైబ్రిడ్‌లో ఆ చిన్న జనరేటర్ లాగేది కొంచెమే, దాని ప్యాడ్లు మామూలు కారు ప్యాడ్లలాగే అరుగుతాయి.)

మా మెకానిక్ చక్రం విప్పి, ప్యాడ్లని పట్టుకుని ఉండే కాలిపర్ పైకెత్తి రెండు ప్యాడ్లూ నా చేతిలో పెట్టాడు. బయటి వైపుది 8 మిల్లీమీటర్లు, కొత్తదాంట్లో ముప్పాతిక వంతు అలాగే ఉంది. లోపలి వైపుది 3 మిల్లీమీటర్లు, అంటే మార్చాల్సిన హద్దుకి వచ్చేసింది. ఒకే చక్రం, ఒకే డిస్కు, మరి ఈ తేడా ఏమిటి? కాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతూ ఉండాలి. లోపలి నుంచి పిస్టన్ ఒక ప్యాడ్‌ని నెడితే, కాలిపర్ మొత్తం జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. ఆ పిన్నుల మీది రబ్బరు తొడుగు చిరిగి, లోపల గ్రీజు ఎండి, ఒక పిన్ను తుప్పుతో పట్టేసింది. ఇంక కాలిపర్ జరగదు, వదలదు. లోపలి ప్యాడ్ బ్రేకు తీసేశాక కూడా డిస్కుని రాసుకుంటూనే ఉంది. నా మూడు కిలోమీటర్ల మైలేజీ వెళ్లింది అక్కడికే. మోటారు కష్టపడి మిగిల్చిన కరెంటుని ఒక తుప్పు పిన్ను తినేసింది!

వెనక చక్రాలు ఇంకా ఘోరం. మోటారు ఉన్నది ముందు చక్రాలకి, బ్రేకు బరువు ఎక్కువగా పడేదీ ముందే, దాంతో వెనక ప్యాడ్లకి ఉన్న కాస్త పనీ లేదు. వాటిని ఫ్రేములోంచి సుత్తితో కొట్టి తీయాల్సొచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ తన ఎలక్ట్రిక్ కార్లు ఐడీ 3, ఐడీ 4లకి వెనక డ్రమ్ బ్రేకులు పెడితే ఇంత ఖరీదైన బండికి ఈ పాత డబ్బాలేమిటని చాలామంది వెక్కిరించారు. డ్రమ్ మూసి ఉంటుంది, నీళ్లూ మట్టీ అంత తేలిగ్గా చేరవు. మా వెనక డిస్కులు చూశాక ఆ వెక్కిరింపులో నేను కలవను.

పని మధ్యలో ఒకటి జరిగింది. ఫోన్ కారులో మర్చిపోయానని డ్రైవర్ డోర్ మీద చెయ్యి వేశానో లేదో, "సార్, డోర్ తీయకండి, ఆగండి!" అని మెకానిక్ ఒక్క అరుపు అరిచాడు. చాలా హైబ్రిడ్లలో మన కాలు నేరుగా చక్రం దాకా బ్రేక్ ఆయిల్‌ని నెట్టదు. పెడల్ ఎంత తొక్కామో సెన్సర్ చెబుతుంది, మోటారుకి ఎంత, ప్యాడ్లకి ఎంత అన్నది కంప్యూటర్ పంచుతుంది, ప్యాడ్ల వాటాకి కావలసిన ప్రెషర్ ఒక పంపు ఇస్తుంది. కొన్ని మోడళ్లలో డ్రైవర్ డోర్ తీయగానే, బండి స్టార్ట్ చేయకపోయినా, ఆ పంపు 'జూ...' అంటూ మేలుకుంటుంది. కాలిపర్ విప్పి ఉండగా ప్రెషర్ వస్తే పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది, వేలు అడ్డం ఉంటే వేలు పోతుంది. అందుకే కారు కంప్యూటర్‌కి స్కానర్ పెట్టి, పంపు దానంతట అది మేలుకోకుండా ఆపే సర్వీస్ మోడ్‌లోకి మార్చడమో, ఆ కంపెనీ మాన్యువల్ చెప్పినట్టు 12 వోల్టుల బ్యాటరీ తీసి కాసేపు ఆగడమో చేస్తారు. బటన్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న బండికి వెనక పిస్టన్ని సి-క్లాంపుతో బలవంతంగా నొక్కితే లోపలి చిన్న మోటారు పాడవుతుంది, దాన్నీ ముందు సర్వీస్ మోడ్‌తోనే వెనక్కి రప్పించాలి. యూట్యూబ్ చూసి ఇంటి దగ్గర ప్యాడ్లు మార్చుకునే మిత్రులు ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఆ పంపకం చిన్న విషయం కాదు. 2010 ఫిబ్రవరిలో టయోటా ప్రపంచమంతటా దాదాపు 4.37 లక్షల హైబ్రిడ్లని వెనక్కి పిలిచింది. గతుకుల మీదో జారే రోడ్డు మీదో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అందుకునే క్షణంలో బ్రేకు ఒక్క రెప్పపాటు జారినట్టు అనిపిస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. ప్యాడ్లు మార్చలేదు, డిస్కులు మార్చలేదు, సాఫ్ట్‌వేర్ మార్చారు.

ఇక బ్రేక్ ఆయిల్. ప్యాడ్లు బాగున్నాయి కదా అని దీన్ని అందరం వదిలేస్తాం, నేనూ అంతే. ఇది వాడకంతో పాడయ్యేది కాదు, గాలిలో తేమని మెల్లగా పీల్చుకుని పాడయ్యేది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీళ్లు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, ఆయిల్‌లా బుడగ ప్రెషర్‌ని మోయలేదు.

అంత వేడి మనకెక్కడ వస్తుంది అనుకుంటే తిరుమల ఘాట్ రోడ్డు దిగండి. కొండకీ తిరుపతికీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు, మనుషులతో కలిపి 1,500 కిలోల బండి దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 2.9 యూనిట్లు. టైర్లూ గాలీ కొంత తినేసినా మిగిలేది ఎక్కువే, మన హైబ్రిడ్ బ్యాటరీ పట్టేది చూస్తే చాలా బండ్లలో ఒక యూనిట్ కూడా ఉండదు. సగం దారిలోనే నిండిపోతుంది. అప్పుడు కొన్ని బండ్లు ఇంజన్‌ని ఊరికే తిప్పి శక్తిని ఖర్చు పెడతాయి, ఆక్సిలేటర్ తొక్కకుండానే ఇంజన్ గోల పెడుతుంటే టెన్షన్ పడక్కర్లేదు. గేరు దగ్గర 'బీ' అని ఉంటే అది ఇందుకే. అదీ చాలనప్పుడు మిగతాదంతా ఏళ్ల తరబడి పని లేక కూర్చున్న ప్యాడ్ల మీదా పాత ఆయిల్ మీదా పడుతుంది.

మా బండికి పిన్నులు తీసి, శుభ్రం చేసి, రబ్బరు పాడు కాని సిలికాన్ గ్రీజు పెట్టాడు, ఒక పిన్ను కొత్తది. ముందు రెండు చక్రాలకీ ప్యాడ్లు మార్చాడు, ఒక పక్క మాత్రమే మారిస్తే బండి లాగేస్తుంది కాబట్టి. డిస్కు అంచున కనీస మందం అంకె చెక్కి ఉంటుంది, మైక్రోమీటర్ పెట్టి అంతకంటే ఎక్కువే ఉందని చూపించి అదే ఉంచాడు. ఆయిల్ మార్చడానికి స్కానర్ తగిలించి పంపుని దానితోనే నడిపించాడు. ఇలాంటి బండ్లకి ఒకరు పెడల్ కొడుతుంటే ఇంకొకరు నట్టు వదిలే పాత పద్ధతి సరిపోదట. ఇకనుంచి ఏడాదికోసారి, వానాకాలం అయ్యాక పిన్నులు విప్పి చూడాలని చెప్పాడు.

బిల్లు కట్టి బయల్దేరుతుంటే ఆ 8 మిల్లీమీటర్ల ప్యాడ్ పట్టుకొచ్చి, "పారేయమంటారా సార్, దీన్ని చూస్తే మనసొప్పట్లేదు" అన్నాడు. డిక్కీలో పడేశాను. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా 'టక్'మంటోంది.