ఎర్ర రక్తకణం వయసు, లోపలికి వచ్చే కాల్షియం

షుగర్ ఉన్నవాళ్ళు మూడు నెలలకోసారి చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్షకు ఆధారం ఎర్ర రక్తకణం ఆయుష్షే. అది దాదాపు 120 రోజులు. ఆ కాలమంతా గ్లూకోజ్ కొద్దికొద్దిగా హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటూ పోతుంది, అతుక్కున్నది దాదాపుగా వదలదు. కాబట్టి ఒకే మనిషి రక్తంలో ఏ కణాలు పాతవో ఏవి కొత్తవో కూడా దాన్నిబట్టే తెలుసుకోవచ్చు.

ఇంతకీ కణం ముసలిదవడమంటే ఏమిటి? ఎముక మూలుగలోంచి రక్తంలోకి వచ్చే ముందే దీని కేంద్రకం పోతుంది. కొద్దిరోజుల్లో ప్రోటీన్లు తయారుచేసే సరంజామా కూడా పోతుంది. అక్కడినుంచి ఏది పాడైనా కొత్తది రాదు. ఈ లోటు అన్నిటికన్నా గట్టిగా తగిలేది కాల్షియం దగ్గరే.

రక్తరసంలో ఉన్న కాల్షియం అయాన్ల గాఢత కణం లోపలికన్నా కనీసం 20 వేల రెట్లు ఎక్కువ. ఏ చిన్న దారి దొరికినా అది లోపలికి వచ్చేస్తుంది. దారులేమో ఉన్నాయి. సుమారు 8 మైక్రోమీటర్ల కణం తనకన్నా సన్నని కేశనాళికల్లో నలుగుతూ వెళ్తుంది, ప్లీహంలో ఇంకా ఇరుకైన చీలికల్లోంచి దూరాలి. పొర సాగినప్పుడల్లా పియెజో1 అనే ఛానల్ తెరుచుకుని కాల్షియంను రానిస్తుంది. ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2010లో గుర్తించిన ఛానల్ ఇది, 2021 నోబెల్ బహుమతి వెనక ఉన్న పరిశోధనల్లో ఇదొకటి. వచ్చిన కాల్షియంను ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి బయటికి నెట్టే పంపును హాన్స్ షాట్జ్‌మన్ 1966లో ఎర్రకణంలోనే కనిపెట్టారు. చిల్లుపడవలోంచి నీళ్ళు తోడిపోసినట్టు ఈ పంపు నాలుగు నెలలూ ఆగకుండా తోడుతూనే ఉండాలి.

తోడలేకపోతే ఏమవుతుందో హంగరీకి చెందిన గార్డోష్ 1958లోనే చూపించారు. కాల్షియం పెరిగితే పొటాషియం బయటికి పోతుంది, వెంట నీరూ పోయి కణం ముడుచుకుంటుంది. ఆ పొటాషియం దారికి ఆయన పేరే పెట్టారు. కాల్షియం మరీ పెరిగితే, పొర లోపలివైపు ఉండాల్సిన ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వు పైకి తేలుతుంది. మాక్రోఫేజ్ కణాలు దాన్ని గుర్తుపట్టి మింగేస్తాయి.

అలాగైతే వయసు పెరిగేకొద్దీ పంపు నీరసించి, గార్డోష్ ఛానల్ చెలరేగి, కణం ఎండిపోతుందని అనుకుంటాం. పంపు నీరసించే మాట నిజమే. కానీ 2007లో టిఫర్ట్, లూ బృందం కణాల్లోకి కాల్షియం బాగా ఎక్కించి, గార్డోష్ ఛానళ్ళను పూర్తిగా తెరిపించి, ఏ కణాలు ముందు నీరు వదులుతాయో చూసింది. ఆలస్యంగా వదిలినవాటిలోనే గ్లూకోజ్ అతుక్కున్న హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంది. అంటే అవి పాత కణాలు, ఆ ఛానల్ కూడా వయసుతో మందగిస్తోంది! కణాలు వయసుతోపాటు చిక్కబడుతూ వచ్చి, ఆఖరి రోజుల్లో తిరిగి పలచబడతాయన్న పాత పరిశీలనకు ఇది సరిగ్గా అతుకుతుంది. పంపు, ఛానల్ రెండూ కలిసి బలహీనపడటం వల్లే కణం త్వరగా ఎండిపోకుండా పూర్తి ఆయుష్షు దక్కించుకుంటోందని నాకనిపిస్తుంది.

ఈ తూకం తప్పితే ఎంత నష్టమో, హిమోగ్లోబిన్‌లో లోపంతో వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ వ్యాధిలో చూస్తాం. ఆదిలాబాద్, పాడేరు ప్రాంతాల ఆదివాసీ కుటుంబాలకు ఈ బాధ కొత్త కాదు. ఆక్సిజన్ తగ్గగానే ఆ కణాల్లోకి కాల్షియం చొరబడుతుంది, గార్డోష్ దారి తెరుచుకుని నీరు పోతుంది. లోపల చిక్కబడ్డ సికిల్ హిమోగ్లోబిన్ ఇంకా వేగంగా కడ్డీలు కడుతుంది. ఆ కణం 120 రోజులు కాదు, కొద్దివారాలే బతుకుతుంది. గార్డోష్ ఛానల్‌ను మూసే సెనికపాక్ అనే మందును రోగులకిచ్చి చూస్తే కణాలు పగిలిపోవడం తగ్గింది, హిమోగ్లోబిన్ పెరిగింది. నొప్పి మాత్రం తగ్గలేదు, దాంతో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. నీరు పోయే దారి కాకుండా, కాల్షియం వచ్చే దారినే మూయగలమా అన్నది ఇప్పుడు వెతకాల్సిన సంగతి. ఆ దారి పియెజో1 కావచ్చన్న అనుమానం బలంగానే ఉంది.